గోడ ఎవరు కట్టారు?

ఊళ్లో ఒక మూల ఒకే జాతి మనుషులు ఇరుకిరుగ్గా బతుకుతుంటే లోకం ఒక మాట అనేస్తుంది. 'వాళ్లంతే, వాళ్లలో వాళ్లే ఉంటారు' అని. పేరు చెప్పగానే 'ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశాం' అనే జవాబు విన్నవాళ్లం మేం. అందుకే ఈ మాటను చరిత్ర ముందు నిలబెట్టి అడుగుతున్నాం. అమెరికాలో కార్ల నగరం డెట్రాయిట్ దీనికి సూటిగా జవాబు చెబుతుంది.

1914లో ఫోర్డ్ కంపెనీ రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించింది. అదే ఏడు మొదలైన ప్రపంచ యుద్ధంతో యూరప్ వలసలు తగ్గిపోయాయి. ఫ్యాక్టరీలకు మనుషులు కావాల్సి వచ్చారు. దక్షిణాది పత్తిచేల నుంచి, అక్కడి మూకహత్యల నుంచి నల్లవాళ్లు రైలెక్కి వచ్చారు. 1910లో 6 వేల లోపున్న నల్లజనం 1920 నాటికి 40 వేలు దాటారు. ఫ్యాక్టరీ వాళ్ల చేతుల్ని రానిచ్చింది. నగరం వాళ్ల సంసారాల్ని రానివ్వలేదు. చాలామంది బ్లాక్ బాటమ్ అనే పాత పేటలో, పాడుబడ్డ కొంపలకు ఎక్కువ కిరాయి కట్టి సర్దుకున్నారు. బయటి పేటల్లో ఎన్నో ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లవాళ్లకు అమ్మరాదు, కిరాయికివ్వరాదు అని రాసుకున్నారు. గుంపుగా ఉండాలన్నది ఎవరి ఇష్టం?

ఆ గీత దాటినవాడు డాక్టర్ ఒసియన్ స్వీట్. ఫ్లోరిడాలో పుట్టి, హోవర్డ్ యూనివర్సిటీలో వైద్యం చదివినవాడు. తెల్లవాళ్ల పేటలో గార్లండ్ వీధిలో 18,500 డాలర్లకు ఇల్లు బేరమాడాడు. 1925 జూన్‌లోనే మరో నల్ల డాక్టర్ అలెగ్జాండర్ టర్నర్‌ను కొత్త ఇంట్లోంచి మూక తరిమేసింది. అది తెలిసీ సెప్టెంబర్ 8న స్వీట్, భార్య గ్లాడిస్ ఆ ఇంట్లో దిగారు. పసిబిడ్డను మాత్రం వెంట తెచ్చుకోలేదు.

మర్నాడు రాత్రి వందలమంది పోగయ్యారు. పోలీసులు అక్కడే ఉన్నారు. అయినా రాళ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి. లోపల్నుంచి తుపాకులు పేలాయి. లియోన్ బ్రైనర్ అనే తెల్లమనిషి చనిపోయాడు. ఆయన ప్రాణమూ ప్రాణమే. కానీ హత్యకేసు ఇంట్లో ఉన్న 11 మంది మీదే పెట్టారు, గ్లాడిస్‌తో సహా.

నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. పేరున్న లాయర్ క్లారెన్స్ డారోను పెట్టింది. జడ్జి ఫ్రాంక్ మర్ఫీ. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. అక్కడ మూకే లేదని ప్రాసిక్యూషన్ సాక్షులు చెప్పారు. చిన్నప్పటి నుంచి తన జాతి మీద జరిగిన దాడుల గురించి స్వీట్ బోనులో నిలబడి చెప్పాడు. ఆ రాత్రి భయానికి వెనక ఒక చరిత్ర ఉందని కోర్టు వినాల్సి వచ్చింది. మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది. 1926 మేలో రెండో జ్యూరీ, కాల్చానని ఒప్పుకున్న తమ్ముడు హెన్రీని నిర్దోషి అంది. 1927లో మిగతావాళ్ల మీద కేసు ఎత్తేశారు.

గెలిచారు. కానీ అప్పటికే బిడ్డ చనిపోయింది. 1928లో క్షయతో గ్లాడిస్ పోయింది. 1960లో స్వీట్ తనను తాను కాల్చుకున్నాడు.

హెన్రీ విడుదలైన నెలలోనే అమెరికా సుప్రీంకోర్టు, వాషింగ్టన్ నగరం నుంచి వచ్చిన కేసులో, అలాంటి దస్తావేజుల జోలికి పోనంది. అంటే మనిషిని వదిలారు, గోడను వదల్లేదు. 1941లో అది నిజం గోడే అయింది. ప్రభుత్వ సంస్థ ఇళ్ల అప్పులకు హామీ ఇవ్వాలంటే, తెల్లవాళ్ల కొత్త కాలనీకీ నల్లవాళ్ల పేటకూ మధ్య అడ్డు ఉండాలి. బిల్డరు అర మైలు కాంక్రీటు గోడ లేపాడు. 1943 అల్లర్లలో 34 మంది చనిపోయారు. వాళ్లలో 25 మంది నల్లవాళ్లు.

1948లో గానీ, ఆ షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు అనలేదు. ఆ కేసుల్లో ఒకటి డెట్రాయిట్‌దే. తీర్పిచ్చినవాళ్లలో మర్ఫీ ఒకరు. 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

ఆ గోడ డెట్రాయిట్‌లో ఇప్పటికీ ఉంది. ఒక నిర్దోషి బయటపడితే న్యాయం జరిగిందనుకోవడం సులువు. కానీ ఆయన మళ్లీ ఏ వీధికి, ఏ ఇంటికి పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు లేనంతకాలం తీర్పు సగమే. 'మీరంతా ఒకచోటే ఎందుకుంటారు' అని అడిగేవాళ్లను మేం కోరేది ఒక్కటే. ముందు ఆ దస్తావేజులు చదవండి.