చార్టిస్టు చరిత్రలో తప్పిపోయినవాళ్లు

ఇంగ్లండులో 1832 సంస్కరణ చట్టం గురించి మనం చదువుకున్న పాఠం ఒక మూసలో ఉంటుంది. విగ్గు పార్టీ పెద్దలు ఉదారబుద్ధితో తలుపు కాస్త తెరిచారనీ, ఆ తర్వాత ఒక్కో చట్టంతో ప్రజాస్వామ్యం మెట్టు మెట్టుగా పైకెక్కిందనీ. పట్టణాల్లో ఏడాదికి పది పౌన్ల విలువచేసే ఇల్లున్నవాడికే ఆ చట్టం ఓటిచ్చింది. దానికోసం వీధుల్లో కొట్లాడిన కార్మికుల్లో అత్యధికులు బయటే మిగిలిపోయారు. ఆ మిగిలిపోయినవాళ్ల చరిత్రనే డొరతీ థాంప్సన్ (1923-2011) తన జీవితకాలపు పనిగా ఎంచుకున్నారు.

1956లో హంగరీ మీద సోవియట్ దాడి సందర్భంగా కమ్యూనిస్టు పార్టీ నుంచి బయటికొచ్చిన చరిత్రకారుల్లో ఆమె ఒకరు. 1970 నుంచి 1988 దాకా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఇ.పి. థాంప్సన్ భార్యగానే ఆమెను గుర్తుపెట్టుకోవటం అభ్యుదయవాదులమనుకునే మనకూ అలవాటే! ఇంగ్లీషు కార్మికవర్గ నిర్మాణం మీద ఆయన 1963లో తెచ్చిన పుస్తకం 1832 ప్రాంతంలో ఆగుతుంది. ఆమె 1984లో తెచ్చిన 'ది చార్టిస్ట్స్' కథ ఆ తర్వాతిది.

1838 ప్రజా చార్టరు కోరింది ఆరు సంగతులు. వాటిలో మొదటిది వయోజన పురుషులందరికీ ఓటు. 1842 వినతిపత్రం మీద ముప్ఫయి మూడు లక్షలకు పైగా సంతకాలున్నాయి. పార్లమెంటు వాళ్ల మాట వినటానికే ఒప్పుకోలేదు. అంతకు ముందే, 1839 నవంబరులో, న్యూపోర్టులో సైనికుల కాల్పులకు సుమారు ఇరవై మంది చనిపోయారు.

పాత చరిత్రకారులు ఈ ఉద్యమాన్ని నాయకుల తగాదాగా చూశారు. లవెట్ మంచివాడా, ఓకానర్ చెడ్డవాడా అని. అసలు జనం ఎవరని డొరతీ అడిగారు. ఐరిష్ కార్మికులు చార్టిజానికి దూరంగా ఉన్నారన్న మాటను ఖండించారు. 1976లో రాసిన వ్యాసంలో స్త్రీల సంగతి తీశారు. 1834 బీదల చట్టం పనిశాలల్లో భార్యాభర్తల్ని, తల్లీబిడ్డల్ని విడదీసింది. ఇంటి మీదికొచ్చిన ఆ చట్టం మీద స్త్రీలు తిరగబడ్డారు. సంఘాలు పెట్టారు, ఊరేగింపుల్లో నడిచారు, ఉద్యమానికి కలిసిరాని దుకాణదారు దగ్గర సరుకు కొనటం మానేశారు. తర్వాత వాళ్లే ఎందుకు కనబడకుండా పోయారు? బజారులో, వాడవాడనా సాగిన రాజకీయం కమిటీల్లోకి, క్రమబద్ధమైన సంస్థల్లోకి మారేసరికి స్త్రీలూ, నైపుణ్యం లేని కూలీలూ వెనకబడిపోయారని ఆమె సమాధానం. నిర్మాణం బలపడటమే ఉద్యమం ఎదుగుదల అని నమ్మే మనకు ఇది మింగుడుపడని మాట. నిర్మాణం లేకుండా రాజ్యాన్ని ఎదుర్కోవటమెలాగో ఆమె చెప్పలేదన్నది నా ఫిర్యాదు. అయినా ఆ ప్రశ్న తప్పించుకోదగ్గది కాదు.

చార్టిజం వర్గపోరాటం కన్నా పాత రాజకీయ భాషకే ఎక్కువ కట్టుబడిందని 1983లో స్టెడ్‌మన్ జోన్స్ వాదించాడు. డొరతీ ఒప్పుకోలేదు. అచ్చయిన ఉపన్యాసాల్లో మాత్రమే వెతికితే ఆ దుకాణం ముందు నిలబడ్డ స్త్రీ ఎలా దొరుకుతుంది?

ఆరు కోర్కెల్లో ఏటేటా ఎన్నికలు తప్ప మిగిలినవన్నీ కాలక్రమంలో చట్టాలయ్యాయి. రహస్య బ్యాలెట్ 1872లో, సభ్యులకు జీతం 1911లో. స్త్రీకి పురుషుడితో సమంగా ఓటు 1928 దాకా రాలేదు. అది చార్టరులో లేదు కూడా. మొదటి ముసాయిదాలో ఉన్నదాన్ని తోటివాళ్ల అభ్యంతరం మీద తీసేశామని లవెట్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.