కర్ణుడి కవచం, కాగితం మడతలు

హామిల్టన్ అనగానే అమెరికా, కెనడాలలో ఉన్న మిత్రులకు ఒంటారియోలోని ఊరు గుర్తుకు రావడం సహజం. మేముండేది ఆ హామిల్టన్ కాదు. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, ఆక్లండ్‌కు దక్షిణంగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, వైకాటో నది ఒడ్డున ఉన్న ఊరు. మావోరీలు ఈ చోటును కిరికిరిరోవా అంటారు. చలికాలంలో పొద్దున్నే కమ్ముకునే పొగమంచుకు పెట్టింది పేరు. ఆ మంచు సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడి తెలుగు కుటుంబాలన్నీ కలిసి జరుపుకునే ఉగాదికి పిల్లల చేత ఒక చిన్న నాటిక వేయించాలనుకున్నాం. కథ కర్ణుడిది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి కవచకుండలాలు అడగడం, కర్ణుడు కోసి ఇవ్వడం. పదిహేను నిమిషాల్లో ముగిసే ఘట్టం. పదకొండేళ్ళ మా అబ్బాయికి కర్ణుడి వేషం వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మరి కవచం ఎక్కడిది?

ఈ కథలో కవచానికున్న చిక్కు మామూలుది కాదు. భారతంలో అందరి కవచాలూ తొడుక్కున్నవి, కర్ణుడిది పుట్టుకతో వచ్చింది. పసివాడి ఒంటిమీద ఉన్నది, వాడితోపాటే పెరిగి యోధుడి ఛాతీకి సరిపోయింది. లోకంలో కొలతలు తీసుకోనక్కర్లేని కవచం అదొక్కటే. దాన్ని ఒంటినుంచి కోసి ఇచ్చాడు గనకనే ఆయనకు వైకర్తనుడని పేరు. తెలుగులో ఈ ఘట్టం అరణ్యపర్వం చివర, ఎఱ్ఱన పూర్తిచేసిన భాగంలో ఉంది. అంటే మా వాడి కవచం చర్మంలా అతుక్కున్నట్టు కనబడాలి, ప్రేక్షకుల కళ్ళ ముందే క్షణాల్లో ఊడి రావాలి. పైగా పెరిగే పిల్లవాడికి సరిపోవాలి.

మొదట ఇండియా నుంచి తెప్పిద్దామనుకున్నాం. మన ఊళ్ళలో పౌరాణిక నాటకాలకు డ్రస్సులు ట్రంకుపెట్టెలో అద్దెకు వచ్చేవి, మీలో చాలామంది చూసే ఉంటారు. కిరీటం, భుజకీర్తులు, ఛాతీ పట్టీ అన్నీ ఒకటే సైజు. రాయబారంలో కృష్ణుడు బక్కపలచని మాస్టారైనా, బొజ్జ ఉన్న కరణంగారైనా అదే కిరీటం. పెద్దదైతే లోపల పాతగుడ్డ కుక్కేవారు, చిన్నదైతే వెనక పురికొసతో కట్టేవారు. వెనకవైపు ప్రేక్షకులకు కనబడదు కదా! మన రంగస్థలం కొలతల సమస్యను ముడితో పరిష్కరించింది. పిల్లల సైజులు ఎక్కడో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. కాని ఈ దేశంలోకి చెక్క వస్తువులు తెస్తే డిక్లేర్ చెయ్యాలి, తనిఖీ చేయించుకోవాలి. చెదలు, పురుగులు వస్తాయని భయం. పొలాల మీద బతికే దేశం కాబట్టి 1993లో దీనికోసం ప్రత్యేకంగా బయోసెక్యూరిటీ చట్టమే చేసుకున్నారు. మన నగలేమో తేలిక చెక్కతో చేసినవి. కూచిపూడి వారి నగలకు బూరుగు కర్ర వాడుక. మరో నెలరోజుల్లో ఉగాది పెట్టుకుని ఆ తలనొప్పి ఎందుకని మానుకున్నాం.

అప్పుడు మా అబ్బాయి, "నాన్నా, పెపకూర చేద్దాం" అన్నాడు. కూర అన్నమాట వినబడి మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. ఆవిడ అప్పుడు మాతో ఉండటానికి ఇండియా నుంచి వచ్చి ఉంది.

పెపకూర అంటే పేపర్ క్రాఫ్ట్ అన్నమాటను జపాన్ వాళ్ళు పలికే తీరుకు పొట్టి రూపం. టామా సాఫ్ట్‌వేర్ అనే జపాన్ కంపెనీ ఆ పేరుతోనే ఒక ప్రోగ్రాం తయారుచేసింది. కంప్యూటర్‌లో ఉన్న త్రిమితీయ బొమ్మను విప్పి, కాగితం మీద అచ్చువేసుకోగలిగే బల్లపరుపు ముక్కలుగా పరుస్తుంది. గీతల వెంబడి కత్తిరించి, మడిచి, అంచులు అంటిస్తే మళ్ళీ ఆ బొమ్మే లేచి నిలబడుతుంది. 2001లో వచ్చిన హేలో అనే వీడియో గేములో సైనికుడు నెత్తినుంచి కాళ్ళదాకా కవచంలో ఉంటాడు. 2000 తర్వాతి దశాబ్దంలో ఆ ఆట పిచ్చి పట్టిన కుర్రకారు కొందరు బొమ్మ సైజుకు ఉద్దేశించిన ఈ పద్ధతిని మనిషి సైజుకు పెంచి, అట్ట కవచాలు చేసుకుని తొడుక్కోవడం మొదలుపెట్టారు.

ఈ దేశంలో పెరిగే పిల్లలకు కవచాలంటే మోజు ఉండటంలో వింత లేదు. హాబిటన్ సినిమా సెట్ ఉన్న మాటమాటా మాకు గంటలోపు ప్రయాణం. 2001 నుంచి 2003 దాకా వరసగా వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చిత్రాలకు కత్తులు, కవచాలు వెల్లింగ్టన్‌లోని వెటా వర్క్‌షాప్‌లో తయారయ్యాయి. తెరమీద ఉక్కులా కనబడ్డ గొలుసు కవచాలు చాలావరకు ప్లాస్టిక్ గొట్టాలను రింగులుగా కోసి ఒక్కొక్కటీ చేత్తో తగిలించినవి. మూడో చిత్రానికి 2004లో దుస్తుల ఆస్కార్ కూడా వచ్చింది. అదే సంవత్సరం మా హామిల్టన్ నడిబొడ్డున, విక్టోరియా స్ట్రీట్‌లో, వెటా వాళ్ళు చేసిన రిఫ్‌రాఫ్ కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. రాకీ హారర్ షో రాసిన రిచర్డ్ ఓబ్రయన్ కుర్రతనంలో ఇక్కడ క్షౌరశాలలో పనిచేసేవాడు, ఆ నాటకంలో ఆయన వేసిన వేషం అది. నాయకులకూ సేనాపతులకూ విగ్రహాలు పెట్టిన ఊళ్ళు చూశాను గాని, నాటకంలో వేషానికి పెట్టిన ఊరు నాకు తెలిసి ఇదే.

కాగితం కవచమంటే నవ్వు రావచ్చు. మనకు అట్టకత్తి వీరుడు అన్న వెక్కిరింత ఉండనే ఉంది. కాని నిజం యుద్ధాల్లోనే కాగితం కవచాలు తొడిగారు. చైనాలో టాంగ్ వంశం కాలంలో, 9వ శతాబ్దంలో, షూ షాంగ్ అనే అధికారి వెయ్యిమంది సైనికులకు మడతలు పెట్టిన కాగితంతో కవచాలు చేయించాడనీ, గట్టి బాణాలు కూడా వాటిని దూసుకుపోలేకపోయాయనీ ఆ దేశపు చరిత్ర గ్రంథం చెబుతుంది. పలచని కాగితానికి బలం లేదు, పొరకూ మడతకూ ఉంది.

ఇక బొమ్మను విప్పి పరచడమనే ఆలోచన కంప్యూటర్లది కాదు. 1525లో జర్మనీలోని నురెంబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు వృత్తలేఖిని, కొలబద్దలతో కొలతలు వేసే విధానం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఘనం వంటి ఆకారాలను అంచుల వెంట కోసి, ఒకే ముక్కగా బల్లమీద పరిచినట్టు గీసి చూపించాడు. పాఠకులు ఆ గీతలు కాగితం మీద దించుకుని, మడిచి, బొమ్మ చేసుకోవచ్చు. నురెంబర్గ్ ఆ రోజుల్లో ఉక్కు కవచాలు చేసే పనివాళ్ళకు పేరుపడ్డ ఊరు కావడం కాకతాళీయమే అయినా నాకు ముచ్చటేసింది. లోపలికి గుంటలు లేని, చదును ముఖాలున్న ఏ ఆకారాన్నయినా అలా అంచుల వెంట కోసి, ముఖాలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఒకే ముక్కగా పరచవచ్చా అని 1975లో షెఫర్డ్ అనే గణితవేత్త అడిగిన ప్రశ్నకు ఇంతవరకూ జవాబు దొరకలేదు.

గుండ్రటి వాటికి మాత్రం జవాబు ఎప్పుడో దొరికింది. బత్తాయి తొక్కను చిరగకుండా బల్లమీద పరవలేమని మనందరికీ తెలుసు. 1827లో గౌస్ దానికి కారణాన్ని గణితంలో నిరూపించాడు. అందుకే కిరీటం బుగ్గ గాని ఛాతీ ఉబ్బు గాని కాగితంతో నున్నగా రాదు. చిన్న చిన్న చదును ముఖాలుగా విడగొట్టాలి. ఎంత చిన్నవి చేస్తే అంత నునుపు, అంత ఎక్కువ కత్తెర పని.

మా అబ్బాయి కంప్యూటర్‌లో ఒక మామూలు ఛాతీ కవచం ఆకారం తీసుకుని, నడుము దగ్గర సన్నబరిచి, మధ్యలో సూర్యబింబం పెట్టాడు. ముందు చిన్న నమూనా చేశాం, అడ్డంగా 5 సెంటీమీటర్లు. ముక్కలన్నీ ఒక్క ఏ4 కాగితంలో పట్టాయి. వాడి ఛాతీ వెడల్పు 26 సెంటీమీటర్లు. లోపల చొక్కాకూ, ఊపిరి పీల్చుకోడానికీ రెండువైపులా రెండేసి కలిపితే 30. అంటే ఆరు రెట్లు. "ఆరు కాగితాలు చాలు" అన్నాన్నేను, ఇంజనీరింగ్ చదివినవాణ్ణే. పొడవు ఆరు రెట్లయితే విస్తీర్ణం ముప్ఫైఆరు రెట్లు. ముక్కలు కాగితాన్ని పూర్తిగా నింపవు కాబట్టి చివరికి నలభై పైన తేలాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, బొమ్మ ఆరు రెట్లయినా కాగితం మందం అంతే ఉంటుంది. చిన్న నమూనాగా ఉన్నప్పుడు టక్కున నిలబడ్డది పెద్దదయ్యేసరికి తడిసిన అప్పడంలా వాలిపోతుంది. అందుకని మందపాటి కార్డు కాగితం తెచ్చాం. గీతల మీద మొద్దు కత్తితో గీటుపెట్టి, కొన్ని బయటికి కొండలా, కొన్ని లోపలికి లోయలా మడవాలి. గీటు పెట్టకుండా మడిస్తే అంచు వంకరపోతుంది.

సగం అంటించాక ముక్కలు కలవడం మానేశాయి. 20 సెంటీమీటర్ల అంచుకు ఎదురుగా వచ్చిన అంచు 19.2 ఉంది. రాత్రి పదకొండు దాకా తండ్రీకొడుకులం ఒకరి కత్తిరింపును ఒకరం తప్పుపట్టుకున్నాం. తీరా చూస్తే రంగు అయిపోయి, మిగతా కాగితాలు నేను మరోచోట అచ్చువేయించాను. అక్కడ పేజీకి సరిపోయేట్టు కుదించే సెట్టింగు పెట్టి ఉంది. అన్నీ 96 శాతానికి తగ్గాయి. తప్పు నాది, చూసుకోలేదు. వాడు ఏమీ అనకుండా ఆ కాగితాలన్నీ పక్కన పడేసి మళ్ళీ అచ్చువేశాడు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. మీలో ఎవరైనా ఈ పని చేసేటట్టయితే ప్రతి పేజీలోనూ 10 సెంటీమీటర్ల గీత ఒకటి వేసుకుని, అచ్చయ్యాక స్కేలుతో కొలిచి గాని కత్తెర పట్టకండి.

గట్టిపరచడానికి అందరూ చేసేది పాలిస్టర్ రెసిన్ పూసి, లోపల ఫైబర్‌గ్లాస్ గుడ్డ వెయ్యడం. దాని వాసన ఘాటు, ఆవిరి ఒంటికి మంచిది కాదు, తగిన మాస్కు వేసుకుని గాలి ఆడేచోట చెయ్యాలి. డబ్బా మీద రాసింది చదివి వినిపిస్తే మా అమ్మ, "ఆ మందు ఈ ఇంట్లో మూత తీస్తే నేను ఊరెళ్ళిపోతాన్రా" అంది. తర్వాత తనే పొయ్యి మీద గిన్నె పెట్టి మైదా జిగురు కాచింది. చింతగింజలుంటే ఇంకా బాగుండేదట. గింజలు ఈ దేశంలోకి తేవడం చెక్క తేవడం కంటే కష్టమని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఆవిడ చెప్పిన మాటతో నాకు ఒక ముడి విడిపోయింది. కొండపల్లి వాళ్ళు తెల్ల పొణికి కర్రతో కాళ్ళు, చేతులు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతికి, అతుకులు కనబడకుండా నునుపు చేస్తారు. చేర్యాల నకాశీలు మాస్కులు చేసేదీ అదే పొట్టు, అదే పిండితో. పెపకూర వాళ్ళు కార్ల సొట్టలు పూడ్చే పుట్టీ రాసి సాండ్‌పేపర్‌తో రుద్దేది సరిగ్గా ఆ మక్కు పనే. ముక్కలుగా చేసి, అతికి, అతుకు మాయం చెయ్యడం మనకు కొత్త విద్య కాదు.

"నానమ్మా, ఎన్ని పొరలు?" అని వాడడిగితే, "మా నాన్న నాటకాలకు అట్ట కిరీటం చేసేటప్పుడు అయిదు వేసేవాడు, పొరకీ పొరకీ మధ్య ఎండబెట్టాలి" అంది. మా తాతగారు వేషాలు వేశారని నాకు తెలుసు, కిరీటాలు చేశారని అప్పటిదాకా తెలియదు. అడగలేదు కూడా. లోపలివైపు న్యూస్‌పేపర్ ముక్కలు అయిదు పొరలు అంటించాం. మార్చి ఎండ ఇక్కడ వేసవి చివరి ఎండ, రెండురోజుల్లో పెళపెళలాడేట్టు ఆరింది. ఒకప్పుడు పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లవాడు ఒంటికి వేసుకునేది కాబట్టి మేము కలపలేదు. పైన బంగారు రంగు వేశాం. ముందు ముక్క, వెనక ముక్క భుజాల దగ్గరా పక్కలా వెల్క్రోతో కలిపాం. మన పురికొస ముడికి అదే వారసుడు.

ఆ సాయంత్రం నాటికలో ఇంద్రుడు చెయ్యి చాచగానే మావాడు అట్టకత్తి పక్కకు పెట్టి లాగాడు. వెల్క్రో ఊడిన చప్పుడు మైకులో పడి హాలంతా బర్రుమని వినిపించింది. నవ్వుతారేమోనని భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు. చర్మం చీరిన చప్పుడులా ఉందని ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు తర్వాత చెప్పారు. మా అమ్మ మాత్రం చప్పుడు సంగతి పట్టించుకోలేదు, కవచం పట్టుకున్న వేళ్ళు మెల్లగా విప్పాల్సిందని అంది. వాళ్ళ నాన్న అలా చేసేవాడట.

ఆ చలికాలం కవచాన్ని గరాజులో పెట్టాం. పొగమంచు తేమకు ఎడమ భుజం పైకి ముడుచుకుపోయింది, సూర్యబింబం చుట్టూ బూజు పట్టింది. మరుసటి ఉగాదికి మరో ఇంటి పిల్లవాడు కర్ణుడయ్యాడు. వాడి ఛాతీ 28 సెంటీమీటర్లు, నాలుగు కలిపితే 32. మావాడు కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫైలును 106.7 శాతానికి పెంచి, మొదటి కాగితం అచ్చువేసి, స్కేలు తెమ్మని నన్ను పిలిచాడు.