వీధి: మాట వెనుక కథ

లంబసింగి దాటి, చింతపల్లి మీదుగా సీలేరు పోయే దారిలో గూడెం కొత్తవీధి వస్తుంది. పేరుకు వీధి, నిజానికి ఊరు. మండల కేంద్రం కూడా. మైదానంలో ఊళ్లో వీధులుంటాయి, ఇక్కడ వీధే ఊరైంది. సంస్కృత 'వీథి'కి వరస అనీ, బాట అనీ అర్థాలు. కొండల్లో కోదు గిరిజనుల పాత ఊళ్లు చూస్తే ఆ రెండూ ఒక్కచోటే కనిపిస్తాయి: ఎదురెదురుగా రెండు వరసల ఇళ్లు, నడుమ అందరిదీ అయిన జాగా. ఇంత చక్కటి మాటను మనం పట్నంలో ఇరుకు సందులకు వాడేస్తున్నాం.

పట్నం శివార్లకు 'కాలనీ' వచ్చింది. లాటిన్‌లో దాని మూలం సాగు చేయడం. చిత్రంగా, యుద్ధానంతర శివారు కాలనీలకు పేరుమోసిన లెవిట్‌టౌన్ 1947లో న్యూయార్క్ పక్కన లేచింది బంగాళాదుంప చేలల్లోనే. విశాఖలో మువ్వలవానిపాలెం ఎంవీపీ కాలనీ అయింది. పాలెం మూడక్షరాల్లో దాగిపోయింది. ఆ పేరు నిండుగా పలికితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

గూడెం కొత్తవీధినీ ఇప్పుడు జీకే వీధి అంటున్నారు. గూడెం పోయింది, కొత్త పోయింది. వీధి మాత్రం మిగిలింది.