తిరిగితేనే బత్తా: లోకల్ లారీ డ్రైవరు జీతం, పనిగంటల కథ

మన దేశంలో లారీ డ్రైవరు రోజుకు ఎన్ని గంటలు బండి నడపవచ్చో చట్టం చెప్పి ఎనభై ఏళ్లు దాటింది. ఆ గంటల ప్రకారం అతనికి జీతం కట్టిన ఓనర్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. ట్రాన్స్‌పోర్టు వ్యాపారం మొదట్నుంచీ లెక్కపెట్టింది ట్రిప్పుల్నే. ఈ రెండు లెక్కలకూ పొంతన కుదరక ఎక్కువ నష్టపోయినవాడు ఊళ్లోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ సరుకు తోలే లోకల్ డ్రైవరు. స్టీరింగు పట్టుకున్నంతసేపూ అతని పని కళ్లకు కనబడుతుంది. లోడు కోసం, అన్‌లోడింగు కోసం కాచుక్కూర్చున్నప్పుడు అదీ పనేనని ఎవరికీ తోచదు.

1939 మోటారు వాహనాల చట్టం ఈ చరిత్రకు తొలి మజిలీ. 5 గంటలు ఏకబిగిన నడిపితే అరగంట విరామం ఇవ్వాలని, రోజుకు 9 గంటలు, వారానికి 54 గంటలు మించి నడిపించకూడదని అది హద్దు పెట్టింది. జీతం సంగతి ఎత్తలేదు. రైళ్లకు లారీలు పోటీ రాకూడదన్న ఆలోచన ఆ రోజుల్లో ప్రభుత్వానిది. 1945లో వచ్చిన నియమావళి సరుకు లారీల స్వేచ్ఛను ఇంచుమించు 75 మైళ్ల లోపే ఉంచింది. అప్పటి లారీల్లో చాలా భాగం ఇప్పటి లెక్కలో లోకల్ బళ్లేనన్నమాట. ఒకటో రెండో బళ్లున్న చిన్న ఓనర్ల వ్యాపారంగా లారీ రవాణా స్థిరపడింది. ఓనరే మేనేజరు, ఓనరే గుమాస్తా. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు అనే మాటలే అక్కడ వినబడేవి కావు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 కనీస వేతనాల చట్టం షెడ్యూల్లో మోటారు రవాణాకు చోటు దక్కింది. అసలు పెద్ద అడుగు 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. దూరపు రూట్లలో మాత్రం అనుమతితో 10 గంటలు, వారానికి 54 దాకా. మామూలు రోజున విరామాలు కలుపుకుని మొత్తం డ్యూటీ 12 గంటల్లో ముగియాలి. వారానికి ఒక రోజు సెలవు, అదనపు గంటలకు రెట్టింపు వేతనం. కాగితం మీద ఇంతకన్నా కోరుకోవలసింది పెద్దగా లేదు.

అయితే ఆ చట్టంలోనే రెండు కంతలుండేవి. అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థకే అది వర్తించేది. రెండు లారీలకు ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు, మొత్తం నలుగురు. చట్టం ఆ ఓనరు గడప తొక్కేది కాదు. తక్కువమంది ఉన్నచోటికీ దాన్ని విస్తరించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు గానీ, చిన్న ఓనరు దగ్గరి డ్రైవరుకు దానివల్ల ఒరిగింది తక్కువ. రెండో కంత పనిగంటల నిర్వచనంలో ఉండేది. టెర్మినల్లో ఊరికే వేచి ఉన్న సమయాన్ని ప్రస్తావిస్తూ, 15 నిమిషాల లోపు అయితే అది పనిగంటల్లోకి వస్తుందని చట్టం పేర్కొంది. గంటల తరబడి సాగే నిరీక్షణ మాటేమిటో అంత స్పష్టంగా చెప్పలేదు.

ఆ నిరీక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే మిర్చి సీజన్లో గుంటూరు వెళ్లాలి. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి దూరం కొద్ది కిలోమీటర్లే. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించడానికి హమాలీలు దొరకాలి, కాటా దగ్గర వంతు రావాలి, స్టోరేజీ గేటు ముందు లారీల బారు కదలాలి. తెల్లారి యార్డులో దూరిన బండి ఒక్క ట్రిప్పుతోనే పొద్దుగుంకేసరికి బయటపడ్డ రోజులూ ఉంటాయి. డ్రైవరు బండి వదిలి పోలేడు. వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, సరుకుకు కాపలా అతనే. ట్రిప్పు లెక్కన పనిచేసేవాడికి ఆ రోజు దక్కేది ఒక్క ట్రిప్పు బత్తా. హైదరాబాదులో పెద్ద లారీలకు పగటిపూట నో ఎంట్రీ కాబట్టి, అక్కడి డ్రైవరు పగలు ఊరి బయట పడిగాపులు కాసి రాత్రి పనిలోకి దిగుతాడు.

1975లో నేషనల్ పర్మిట్ పథకం మొదలయ్యాక దూరపు లైను బళ్లు, లోకల్ బళ్లు అన్న తేడా గట్టిపడింది. లైను డ్రైవరుకు బత్తా ఎక్కువ, ఇల్లు దూరం. లోకల్ డ్రైవరుకు ఇల్లు దగ్గర, రాబడి తక్కువ. నెల జీతం కొంత, పైన రోజు బత్తానో ట్రిప్పు బత్తానో అన్న పద్ధతి వాడుకలోకి వచ్చింది. జీతంలో కొంత ముందే అడ్వాన్సుగా తీసుకుంటే, అది తీరేదాకా ఓనరును విడిచిపోయే వీలుండదు. 1988 కొత్త మోటారు వాహనాల చట్టం పనిగంటల విషయంలో 1961 చట్టాన్నే అనుసరించమంది తప్ప కొత్తగా చేర్చింది స్వల్పం. క్లీనరు లేకుండా తిరిగే బళ్లు పెరిగేకొద్దీ తాడు బిగించడం, టార్పాలిన్ కప్పడం కూడా డ్రైవరు నెత్తినే పడ్డాయి.

1980ల్లో డీసీఎం వ్యాన్లు, టాటా 407లు, 2005లో టాటా ఏస్ వచ్చాక లోకల్ రవాణా ముఖం మారింది. వాయిదాల మీద బండి కొని డ్రైవరే ఓనరయ్యాడు. గౌరవం పెరిగింది గానీ పనిగంటల చట్టం పూర్తిగా చేజారింది. తనకు తానే యజమాని అయినవాడికి ఓవర్‌టైం ఎవరిస్తారు? నెల తిరిగేసరికి కట్టాల్సిన ఈఎంఐ అతన్ని మరో ట్రిప్పుకు తరుముతుంది. తర్వాత వచ్చిన సరుకు రవాణా యాప్‌లు కిరాయి వెతుక్కునే తిప్పలు తగ్గించి, రేటు నిర్ణయించే పని తమ చేతుల్లోకి తీసుకున్నాయి.

లారీ సమ్మెలు చాలావరకు ఓనర్ల సమ్మెలే. డీజిలు ధర, టోలు, బీమా ప్రీమియం చుట్టూ తిరిగేవి. డ్రైవర్లే ముందుండి బళ్లు ఆపిన అరుదైన ఘటన 2024 జనవరిలో జరిగింది. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు క్యూలు ఆనాటివే. ఆ సమ్మె కూడా జీతం కోసం కాదు, ప్రాణం తీసిన ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త నేరచట్టపు సెక్షన్‌కు వ్యతిరేకంగా.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కనీస వేతనం ఉద్యోగులందరికీ వర్తింపజేయడం మేలే. యాప్‌ల కింద సరుకు తోలేవారికి సామాజిక భద్రత నిధి ఏర్పాటు కూడా మేలే. పనిగంటల కోడ్‌లో మాత్రం మోటారు రవాణా సంస్థకు పరిమితి అయిదుగురి నుంచి పదిమందికి పెరిగింది. నాలుగు లారీలు, ఎనిమిదిమంది మనుషులున్న ఓనరు పాత చట్టం కిందికి వచ్చేవాడు, ఇప్పుడు రాడు.

నిరీక్షణను కొలవడం కష్టమన్న సాకు ఇక చెల్లదు. కాటా చీటీ మీద టైము పడుతుంది, గోడౌను గేటు రిజిస్టరులో రాకపోకలు ఉంటాయి, బండిలో జీపీఎస్ ఉంటోంది. హాల్టింగు చార్జీ అడిగే అలవాటూ వ్యాపారంలో ఉన్నదే. వసూలైనా అందులో డ్రైవరుకు వాటా ఉంటుందన్న హామీ లేదు. బండి పిలిపించినవాడు నిరీక్షణకు గంటల లెక్కన చెల్లించాలి, అది బత్తాతో పాటు డ్రైవరు చేతికి చేరాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కనీస వేతనాల జీవోల్లో ఈ ఒక్క మాట చేరిస్తే, 1939లో గీసిన గీతకు ఇన్నాళ్లకు విలువ వచ్చినట్లవుతుంది.