ధనుష్కోడికి చేరని రైలు

ధనుష్కోడి ఒకప్పుడు నిండైన ఊరు. రామేశ్వరం దీవి కొసన, ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క మన్నార్ సింధుశాఖ ఒరుసుకునే సన్నటి ఇసుక పట్టీ మీద వెలిసింది. కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, గుడి, చర్చి, యాత్రికుల సత్రాలు, రైల్వే క్వార్టర్లు, ఏ లోటూ లేదు. ఆ ఇసుకలో పంట పండదు. అయినా ఊరు నిలబడి, నాలుగు రాళ్లు వెనకేసుకుందంటే అది రైలు చలవే.

1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన మొదలైంది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. ఓడ వస్తే నడుమనున్న భాగం రెండు రెక్కలుగా పైకి లేచి దారి ఇచ్చేది. మద్రాసు ఎగ్మోరులో బోట్ మెయిల్ ఎక్కినవాడు ఈ వంతెన దాటి, ధనుష్కోడి రేవులో దిగి, స్టీమరులో తలైమన్నారు చేరి, అక్కడ మళ్లీ రైలెక్కి కొలంబో పోయేవాడు. దారంతటికీ ఒకటే టికెట్టు. ఇర్విన్, గోషెన్ అనే స్టీమర్లు రెండు రేవుల మధ్య తిరుగుతుండేవి. మన తెలుగువాళ్లకు ఆ ఊరితో ఉన్నది వేరే బంధం. కాశీ రామేశ్వరం యాత్ర తలపెట్టినవారు అక్కడ సేతుస్నానం చేసి, పిడికెడు ఇసుక మూటగట్టుకుని గంగలో కలపడానికి తీసుకెళ్లేవారు.

అర్ధశతాబ్దం అలా గడిచింది. రైలు వేళకు దీపాలు పెట్టుకుని, స్టీమరు కూతకు నిద్రలేచిన ఊరు అది. ఆ ఊరు ఒక్క రాత్రిలో పోయింది.

1964 డిసెంబరు మూడో వారంలో అండమాన్ సముద్రంలో పుట్టిన వాయుగుండం తీవ్ర తుపానుగా మారి పడమటికి కదిలింది. 22న వవునియా దగ్గర సింహళాన్ని దాటి పాక్ జలసంధిలోకి దిగింది. అదే సమయంలో మన సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు రామేశ్వరం యాత్రలో ఉన్నారు. వాళ్లు ధనుష్కోడి చూసుకుని పొద్దుగూకేలోగా రామేశ్వరం తిరిగొచ్చేయడంతో బతికి బయటపడ్డారని అంటారు. ఆ సాయంత్రం వెనక్కి రాని వాళ్ల కథ వేరు.

రాత్రి 11.55కు పాంబన్ స్టేషన్ నుంచి 653 నంబరు పాసింజరు ధనుష్కోడికి బయలుదేరింది. ఆరు పెట్టెల రైలు. లెక్క ప్రకారం 110 మంది ప్రయాణికులు, అయిదుగురు రైల్వే సిబ్బంది. టికెట్టు లేకుండా ఎక్కినవాళ్లు ఇంకెందరో ఎవరికీ తెలియదు. బయట హోరుగాలి, కుండపోత వాన. ధనుష్కోడి ఇంకా కొన్ని వందల గజాల దూరంలో ఉందనగా సిగ్నల్ దీపం కనిపించలేదు. పచ్చా లేదు, ఎర్రా లేదు. డ్రైవరు రైలు ఆపాడు. కాసేపు చూశాడు. ముందుకు పోవడానికి అనుమతి లేదు. నిలబడితే రెండువైపులా సముద్రం లేచి వస్తోంది. వెనక్కి పోదామంటే పాంబన్ దాకా అదే చీకటి, అదే నీరు. స్టేషన్‌లో ఎవరికైనా వినబడుతుందేమోనని పొడుగ్గా ఒక కూత వేశాడు. జవాబు రాలేదు. దేవుడి మీద భారం వేసి బండిని కదిలించాడు. ఆ తర్వాత వచ్చిన ఉప్పెన అల రైలును రైలుగానే మింగేసింది. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ దక్కలేదు.

ఆ చివరి క్షణాల సంగతి చెప్పడానికి రైల్లోవాళ్లెవరూ మిగల్లేదు. తర్వాతి వాళ్లు జాడలను బట్టి, రైల్వే నడవడిని బట్టి చెప్పుకుంటూ వచ్చిన కథ ఇది. ఆ డ్రైవరును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మదురై డివిజన్ ఆఫీసులోనో, పాంబన్ స్టేషన్‌లోనో తేలవలసిన విషయాన్ని ఆ అర్ధరాత్రి ఇంజను మీద నిలబడ్డ ఒక మనిషి నెత్తిన పెట్టారు. ఆయన చేతిలో ఉన్నది ఒక కూత మాత్రమే.

తంతి తీగలు తెగిపోయాయి, టెలిఫోన్లు మూగబోయాయి. రైలు గల్లంతైన కబురు బయటి లోకానికి చేరడానికి రెండు రోజులు పట్టింది. ఊళ్లోకి చొచ్చుకొచ్చిన నీరు రేవును, ఇళ్లను, గుడిని, బడిని ఊడ్చుకుపోయింది. సింహళంతో కలిపి ఆ తుపానుకు పోయిన ప్రాణాలు దాదాపు 1,800 అని అంచనా. పాంబన్ వంతెన గర్డర్లు దాదాపు 125 సముద్రంలో పడిపోయాయి. ఓడలకు దారి ఇచ్చే నడిమి భాగం మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది.

ఇక్కడి నుంచి రైల్వే చేసిన పని చెప్పుకోదగ్గది. ఆరు నెలల్లో వంతెన బాగుచేయాలని అనుకున్నారు. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించాడు. బాధ్యత 32 ఏళ్ల ఇంజనీరు ఈ. శ్రీధరన్ చేతికి వచ్చింది. జాలరులు చూపిన చోట సముద్రగర్భంలో వెతికి, మునిగిన గర్డర్లను పైకి తీయించి, మళ్లీ స్తంభాల మీదకు ఎక్కించి, 46 రోజుల్లో రైలు నడిపించాడు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆ చేయి పనితనం దేశానికి మొదట తెలిసింది ఇక్కడే.

వంతెన లేచింది. ఊరు లేవలేదు. ధనుష్కోడి నివాసానికి పనికిరాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. పాంబన్ నుంచి ధనుష్కోడి పోయే లైనును రైల్వే వదిలేసింది. బోట్ మెయిల్ రామేశ్వరం దగ్గరే ఆగడం మొదలైంది. స్టీమరు రేవు కూడా రామేశ్వరానికి మారింది. సింహళంలో అంతర్యుద్ధం ముదరడంతో 1980లలో అదీ నిలిచిపోయింది. అక్కడే ఉండిపోయిన జాలరి కుటుంబాలు తాటాకు గుడిసెల్లో, కరెంటు లేక, రోడ్డు లేక దశాబ్దాలు గడిపాయి. కొస దాకా తారు రోడ్డు పడింది 2017లో. 2019లో కొత్త రైలు మార్గానికి శంకుస్థాపన జరిగినా పట్టాలు రాలేదు. 2025 ఏప్రిల్‌లో పాంబన్‌కు కొత్త వంతెన మాత్రం వచ్చింది. ఉప్పెన మళ్లీ రావచ్చు కాబట్టి ఆ ఇసుక మీద ఊరు కట్టకపోవడం సబబే కావచ్చు. అక్కడ బతికినవాళ్లకు దారి చూపకపోవడం మాత్రం సబబు కాదు.

ఇదంతా పాతకథ అనుకోవడానికి లేదు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా ఫాస్ట్ పాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. ఎగువన చెరువు కట్ట తెగి, చిన్న వంతెన కింద మట్టి కోసుకుపోయింది. ఆ సంగతి రైలుకు ముందుగా చేరలేదు. 114 మంది చనిపోయారు. ధనుష్కోడి జరిగి నలభై ఏళ్లు దాటినా, నీరు పట్టాలను చేరిన కబురు రైలు కంటే వెనకే వచ్చింది.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ రోజు రైళ్లు స్టేషన్లలోనే నిలిచిపోయాయి. ప్రయాణికులు గంటల తరబడి తిట్టుకున్నారు, ఆకలికి అల్లాడారు, చివరికి బస్సులెక్కి ఇళ్లకు చేరారు. వందల మంది కూలీలు, గ్యాంగ్‌మన్లు పగలూ రాత్రీ పనిచేసి కొద్దిరోజుల్లో లైను నిలబెట్టారు. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకకముందే రైళ్లు రద్దు చేసినప్పుడూ జరిగింది ఇదే.

ప్రకృతి విరుచుకుపడినప్పుడు రవాణా సంస్థ మొదటి బాధ్యత బండిని ఆపడం. రెండోది ఆగిన మనిషికి అన్నం, నీళ్లు పెట్టి, ఇంకో దారిలో ఇల్లు చేర్చడం. తెగిన దారిని అతికించడం మూడోది. ధనుష్కోడిలో మూడోది అద్భుతంగా జరిగింది. మొదటిది జరగలేదు. అందుకే శ్రీధరన్ 46 రోజులు అందరికీ గుర్తుండి, 653 పాసింజరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

రైల్వే, ఆర్టీసీ అధికారులకు ఒక విన్నపం. వాన ముంచుకొచ్చిన రాత్రి చిట్టచివరి స్టేషన్ మాస్టరుకు, డిపో మేనేజరుకు, పట్టాల మీద నడిచే గ్యాంగ్‌మన్‌కు బండి ఆపే అధికారం ఇవ్వండి. ఆపినందుకు సంజాయిషీ అడగకండి. మనకూ ఒక మాట: తుపాను రోజున రైలు రద్దయిందంటే కౌంటరు ముందు నిలబడి కేకలు వేయవద్దు. ఆ రద్దు వల్లనే మనం ఇల్లు చేరుతున్నాం.