ఒమన్ ఇంటి చేతిపనులు, అలంకరణ

ఒమన్ ఇళ్లలో వాడకానికీ అందానికీ కలిపి చేతితో వస్తువులు చేసుకునే సంప్రదాయం చాలా పాతది. మేక వెంట్రుకలతో, గొర్రె ఉన్నితో నేసిన తివాచీలు, ఖర్జూరపు ఆకుల చాపలూ బుట్టలూ, బహ్లా మట్టికూజాలు, ధోఫార్ రంగుల ధూపపు కుంపట్లు, ఇత్తడి మేకులు తాపిన మందూస్ పెట్టెలు, పూలతీగలు చిత్రించిన చెక్క పైకప్పులు, చెక్కడపు తలుపులు అన్నీ ఈ సంప్రదాయంలోకే వస్తాయి. వీటి ముడిసరుకు చాలావరకు ఆ నేలదే. రంగులోనూ నగిషీలోనూ పెద్ద వాటా మాత్రం ఓడల మీద వచ్చింది. అందుకే ఒమన్ ఇంటి అలంకరణ గురించి చెప్పాలంటే మస్కట్, సూర్, సొహార్ రేవుల సంగతి కూడా ఎత్తక తప్పదు.

తొలి ఆనవాళ్లు

క్రీ.పూ. 3వ సహస్రాబ్దిలో మెసొపొటేమియా వాసులు మగన్ అని పిలిచిన రాగి దేశం నేటి ఒమన్ ప్రాంతమేనని పురావస్తు పరిశోధకులు భావిస్తారు. ఆ కాలపు సమాధుల్లో మెత్తని బూడిదరంగు రాతితో తొలిచిన గిన్నెలు, మూతలున్న పెట్టెలు దొరికాయి. వాటి మీద తరచూ కనిపించే నగిషీ వలయం, దాని మధ్యలో ఒక చుక్క. అదే వరుసలు వరుసలుగా పాత్ర చుట్టూ తిరుగుతుంది. అరేబియా ద్వీపకల్పపు తూర్పు కొసన ఉన్న రాస్ అల్ జింజ్ తవ్వకాల్లో సింధు నాగరికత కుండపెంకులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఒక రాతి ధూపపాత్ర కూడా అక్కడే దొరికింది. ఇంట్లో ధూపం వేయడం, అందుకు ప్రత్యేకంగా ఒక పాత్ర చేసుకోవడం ఒమన్‌లో ఎంత పాత అలవాటో ఆ ఒక్క వస్తువు చెబుతుంది.

గూళ్లు, పైకప్పులు, తలుపులు

నిజ్వా, బహ్లా, అల్ హమ్రా వంటి లోపలి ఊళ్లలో పాత ఇళ్లు మట్టి ఇటుకలవి. కాల్చిన మట్టితో చేసిన సరూజ్ అనే గారను కోటలకూ నీటి కాలువలకూ వాడేవారు. ఇంటి లోపలి గోడ సాదాగా ఉండేది. దేశంలో ప్రధానమైన ఇబాదీ మతశాఖ ఆడంబరాన్ని మెచ్చదు. వారి పాత మసీదుల్లో ఎత్తయిన మీనార్లు కూడా అరుదు. అలంకారమంతా ఒకటి రెండు చోట్ల గుమిగూడడానికి ఇదొక కారణం. మసీదులో అది మిహ్రాబ్, అంటే మక్కా దిక్కును చూపే గోడగూడు. మనా పట్టణంలోని 16వ శతాబ్దపు మసీదుల్లో సున్నపు గారలో చెక్కిన మిహ్రాబ్‌లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటి నగిషీ మధ్య చైనా పింగాణీ గిన్నెను పొదగడం ఆ పనివాళ్ల అలవాటు.

ఇంట్లో ఆ స్థానం గోడగూళ్లది. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో గోడ పొడవునా గూళ్లు తీసి, వాటిలో పుస్తకాలు, కాఫీ గిన్నెలు, పింగాణీ పళ్లాలు, గాజుసామాను వరసగా పేర్చేవారు. పాత కాలంలో ఆ పళ్లాలు చైనావి. 19వ శతాబ్దానికి వచ్చేసరికి యూరప్ సరుకూ చేరింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పట్టణంలో పెట్రస్ రెగూ కర్మాగారం తయారుచేసిన పూల గిన్నెలు గల్ఫ్ తీరమంతటా పురావస్తు తవ్వకాల్లో దొరుకుతూనే ఉన్నాయి. సాదా మట్టిగోడ మధ్య నీలం, ఎరుపు పూల పళ్లేలు మెరుస్తుంటే, ఆ ఇంటివారికి సముద్రం అవతల ఎవరితో బేరాలున్నాయో అతిథికి అడగకుండానే తెలిసిపోయేది.

పైకప్పు అలంకరణకు మచ్చుతునక జబ్రీన్ కోట. 1650లో పోర్చుగీసువారిని మస్కట్ నుంచి వెళ్లగొట్టాక యారుబీ ఇమాముల చేతికి సముద్ర వ్యాపారమూ దాని ఆదాయమూ వచ్చాయి. ఆ వంశానికి చెందిన బిల్ అరబ్ బిన్ సుల్తాన్ 17వ శతాబ్దం చివరి భాగంలో బహ్లా దగ్గర ఈ కోటను కట్టించాడు. యుద్ధం కోసం కంటే నివాసానికీ చదువుకూ కట్టిన భవనం ఇది. ఆయన సమాధి కూడా అందులోనే ఉంది. పై అంతస్తు గదుల్లో చెక్క దూలాలూ వాటి మధ్య పలకలూ ఎరుపు, నలుపు, పసుపు వన్నెల పూలతీగలతో నిండి ఉంటాయి. సూర్యచంద్రుల గది అని పేరుపడిన మజ్లిస్‌లో కిటికీలు రెండు వరుసలు. కింది వరుస నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది, పై వరుస నుంచి వేడిగాలి బయటికి పోతుంది. నేల మీద కూర్చున్నవాడి చూపు తనంతట తాను పైకి వెళ్లేలా ఆ గది అంతా అమర్చి ఉంది. ఒమన్‌లో ఒక్క అలంకరణనే చూసే వీలుంటే అది ఈ పైకప్పే కావాలి.

తలుపుల కలప మన దేశం నుంచి వెళ్లింది. పశ్చిమ తీరం నుంచి, ముఖ్యంగా మలబారు నుంచి వచ్చిన టేకుతో సూర్ వడ్రంగులు ఓడలు కట్టారు, అదే కలపతో ఇళ్లకు చెక్కడపు తలుపులూ బిగించారు. 19వ శతాబ్దంలో ఒమన్ పాలకుడు సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ జాంజిబార్‌ను రాజధాని చేసుకున్నాక ఈ తలుపుల పని తూర్పు ఆఫ్రికా తీరంలోనూ వేళ్లూనింది. గుజరాతీ నగిషీ, ఒమన్ కొలతలు, స్వాహిలీ పనితనం ఒకే తలుపులో కలిసిపోయాయి. ఏది ఎవరిదో విడదీయబోవడం వృథా ప్రయాస.

మందూస్ పెట్టె కథా ఇలాంటిదే. టేకు లేదా షీషమ్ చెక్క, ముందువైపు ఇత్తడి రేకులు, వరుసలుగా కొట్టిన ఇత్తడి మేకులు, అడుగున చిన్న సొరుగులు. పెళ్లికూతురు బట్టలూ వెండి నగలూ ఇందులో పెట్టుకుని అత్తవారింటికి వెళ్లేది. పాతవాటిలో చాలా వరకు సూరత్, బొంబాయి నుంచి దిగుమతి అయినవే. తర్వాత ఒమన్‌లోనూ తయారయ్యాయి.

తెలుగు తీరానికి కూడా ఈ సముద్ర వ్యాపారంలో చోటుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం నుంచి కలంకారీ బట్టలు ఒమన్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న బందర్ అబ్బాస్‌కు వెళ్లేవి. పర్షియా ఇళ్లలో తెరలుగా, పరుపు దుప్పట్లుగా వాటిని వాడేవారు.

ఉన్ని, రంగు, మగ్గం

ఎడారిలో నేత ఆడవాళ్ల పని. హజర్ పర్వతాల్లో మాత్రం, ముఖ్యంగా జబల్ షమ్స్ చుట్టుపక్కల, ఆడవాళ్లు నూలు వడికితే మగవాళ్లు నేస్తారు. మగ్గం చాలా సులువైనది. నేలలో నాలుగు గుంజలు పాతి, రెండు అడ్డకర్రల మధ్య పడుగు లాగి కడతారు. విడిది మార్చాల్సి వస్తే అంతా చుట్టి ఒంటె మీద వేసుకుంటారు. చేతికి అందినంత వెడల్పే నేయగలరు కాబట్టి గుడ్డ సన్నని పట్టీలుగా వస్తుంది. పెద్ద తివాచీ కావాలంటే పట్టీలను పక్కపక్కన పెట్టి కుట్టాలి. ఈ నేతలో పేక దాదాపు కనబడదు. కంటికి కనిపించే రంగూ నమూనా అంతా పడుగుదే. కాబట్టి ఏ గీత ఎక్కడ రావాలో పడుగు కట్టేటప్పుడే తేలిపోవాలి, తర్వాత మార్చడానికి వీల్లేదు. ముదురు ఎరుపు నేల మీద నలుపు, తెలుపు చారలు, వాటి మధ్య చిన్న త్రిభుజాలూ మెట్ల గీతలూ కొండప్రాంతపు తివాచీల గుర్తులు. ఒంటె అలంకారాలకైతే కుచ్చులు కూడా వేలాడదీస్తారు.

నలుపు మేకది, తెలుపు గొర్రెది, గోధుమవన్నె ఒంటెది. వాటికి రంగులు అద్దనక్కర్లేదు. ఎరుపును మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచి తీసేవారు, పసుపువన్నెకు దానిమ్మ తొక్క పనికొచ్చేది. నీలిమొక్కను లోపలి ఊళ్లలోనే సాగుచేసి, బహ్లా, ఇబ్రి వంటి చోట్ల తొట్లలో అద్దకం వేసేవారు. నీలి అద్దిన నూలుగుడ్డను చెక్క సుత్తులతో కొట్టికొట్టి మెరుపు తెప్పించేవారు. రసాయన రంగుల పొట్లాలు అంగళ్లకు వచ్చాక ఈ కష్టమంతా మెల్లగా ఆగిపోయింది. ఆ మార్పును నష్టంగా మాత్రమే చూడటం సరికాదు. పొట్లం రంగు చేతికొచ్చాకే నారింజ, గులాబి, చిలకపచ్చ తివాచీల్లోకి వచ్చాయి. నేతగాళ్లు వాటిని ఇష్టపడే ఎంచుకున్నారు, ఎవరూ బలవంతపెట్టలేదు. అయినా పాత మంజిష్ఠ ఎరుపు ఎండకు వెలిసినా అందంగా వెలిసేది. ఆ గుణం కొత్త రంగులకు లేదు.

ఖర్జూరపు ఆకు

ఒమన్ ఇంట్లో ఖర్జూర చెట్టు లేని మూల లేదు. మొద్దు చీల్చి దూలాలుగా వేశారు, మట్టలు వరసగా కట్టి తీరప్రాంతంలో గుడిసెలు లేపారు, ఆకులు అల్లి చాపలూ బుట్టలూ విసనకర్రలూ చేశారు. ఆకును నీళ్లలో నానబెట్టి, సన్నగా చీల్చి, కొన్ని పాయలకు ఊదా, ఆకుపచ్చ, ఎరుపు రంగులు పట్టించి పొడవాటి జడలా అల్లుతారు. ఆ జడను చుట్టలు చుట్టి కుడితే వస్తువు తయారవుతుంది. భోజనానికి నేల మీద పరిచే గుండ్రని చాప ఇలా వచ్చినదే. ధోఫార్ ఆడవాళ్లు అల్లే పాలబుట్ట మరీ గొప్పది. పోగు పోగుకూ సందు లేకుండా అల్లి, అడుగున తోలు కుట్టి, పాలు పోసినా కారనంత గట్టిగా చేస్తారు.

మట్టి, నిప్పు, ధూపం

బహ్లా కుమ్మరులు వాగు మట్టిని కాళ్లతో తొక్కి, సారె మీద తిప్పి, బట్టీలో కాలుస్తారు. ఖర్జూరాలకూ నీళ్లకూ పెద్ద బానలు, నీళ్లు చల్లబడటానికి జహ్లా అనే కూజా వారి చేతిలో రూపం పోసుకున్నాయి. జహ్లాకు మెరుగుపూత వేయరు. మట్టి సన్నని రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. నీడలో, గాలి ఆడే చోట తాడుతో వేలాడదీస్తారు. 1987లో బహ్లా కోట యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ ఊరి కుమ్మరివాడకూ దానితో సందర్శకులు పెరిగారు.

ధోఫార్‌లో దారి వేరు. సలాలా, మిర్బాత్, తాకా పరిసరాల్లో కుండలు చేసేది ఆడవాళ్లు, అదీ సారె లేకుండా. ధూపం వేసే మజ్మర్‌ను అడుగు నుంచి చేతితోనే కడతారు. నాలుగు పలకల దిమ్మె, కిటికీల్లా కోసిన చిన్న సందులు, పైన నిప్పులకు గిన్నె, దాని నాలుగు మూలల్లో బురుజుల్లా లేచిన కొసలు. నీడన ఆరబెట్టి, ఆరుబయట మంటలో కాలుస్తారు. ఆ తర్వాతే అసలు సంబరం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, బంగారు రంగులతో గీతలు, చుక్కలు, త్రిభుజాలు వేస్తారు. ఏ రెండు మజ్మర్‌లూ ఒక్కలా ఉండవు. చెయ్యి వణికిన చోట గీత వంకర పోయి ఉంటుంది, దాన్ని ఎవరూ దిద్దరు. సలాలాలోని అల్ హాఫా బజారులో ఇవి గుట్టలుగా కనిపిస్తాయి.

గిన్నెలో బొగ్గు నిప్పు వేసి దాని మీద రెండు మూడు లుబాన్ ముక్కలు జారవిడుస్తారు. లుబాన్ ధోఫార్ కొండల వెనక పొడినేలలో పెరిగే బాస్వెల్లియా సాక్రా చెట్టు జిగురు. కాఫీ, హల్వా అయ్యాక కుంపటిని అతిథుల మధ్య తిప్పుతారు. ఒక్కొక్కరూ పొగను గడ్డం మీదికి, బట్టల మీదికి లాగుకుంటారు. సాయంత్రం ఇల్లంతా తిప్పడం, దిష్టి పోతుందని నమ్మడం మన ఇళ్లలో సాంబ్రాణి వేసే తీరుకు చాలా దగ్గర. లుబాన్ వ్యాపారంతో ముడిపడిన వాదీ దౌకా, షిస్ర్, ఖోర్ రోరీ, అల్ బలీద్ 2000లో ప్రపంచ వారసత్వ స్థలాలయ్యాయి.

1970 తర్వాత

1967లో చమురు ఎగుమతి మొదలయ్యే నాటికి ఒమన్‌లో తారురోడ్డు దాదాపు 10 కిలోమీటర్లకు మించి లేదు. 1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక రోడ్లు, కరెంటు, సిమెంటు ఇళ్లు వేగంగా వచ్చాయి. ఫ్రిజ్ రాగానే జహ్లాకు పని పోయింది, ప్లాస్టిక్ బిందె రాగానే తోలు అడుగు బుట్టకు పని పోయింది. జీవితం తేలికపడిన వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఒక్క తరంలోనే ఇంత మార్పు రావడంతో పని నేర్చుకునే పిల్లలు కరువయ్యారు.

ప్రభుత్వం దీన్ని గుర్తించింది. 1979–83 మధ్య జబ్రీన్ కోటను బాగుచేశారు. 2003లో చేతిపరిశ్రమల సంస్థ ఏర్పడి శిక్షణ కేంద్రాలు నడిపింది. 2020లో దాని బాధ్యతలు చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థకు మారాయి. 2003లోనే నీల్ రిచర్డ్‌సన్, మార్షియా డోర్ రెండు సంపుటాల్లో దేశపు చేతిపనులన్నిటినీ గ్రంథస్థం చేశారు. 2005లో వాషింగ్టన్‌లో జరిగిన స్మిత్సోనియన్ జానపద ఉత్సవంలో ఒమన్ పనివాళ్లు తమ పని చేసి చూపారు. మస్కట్‌లో 1998లో తెరిచిన బైత్ అల్ జుబైర్, 2016లో తెరిచిన జాతీయ మ్యూజియం పాత వస్తువులకు చోటిచ్చాయి. నడుముకు కట్టే ఖంజర్ అనే బాకు తయారీ 2022లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేరింది.

అయితే 2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదులోని తివాచీ ఇరాన్‌లో నేసినది. దాని విస్తీర్ణం 4,343 చదరపు మీటర్లు, రంగులు 28, నేతకు పట్టిన కాలం నాలుగేళ్లు. దేశంలోకెల్లా పేరున్న తివాచీ పొరుగుదేశపు చేతిపని కావడం కొందరికి వింతగా తోచవచ్చు. చైనా గిన్నెను మిహ్రాబ్‌లో పొదిగిన దేశానికి అది కొత్త కాదు. మస్కట్‌లోని మత్రా బజారులో మందూస్‌ల పక్కన ఇండియా, చైనా సరుకు కలిసిపోయి ఉండటం మాత్రం వేరే విషయం. అక్కడ కొనేవాడికి ఏది ఏ చేతిదో తెలిసే వీలు లేదు. చీటీ అంటించి చెబితే ఒమన్ పనివాళ్లకు న్యాయం జరుగుతుంది.

మిస్ఫత్ అల్ అబ్రియీన్, అల్ హమ్రా వంటి కొండ ఊళ్లలో పాత మట్టి ఇళ్లను బాగుచేసి అతిథి గృహాలుగా నడుపుతున్నారు. జబల్ షమ్స్ మీద, లోయ అంచున, పిల్లలు రంగురంగుల ఉన్నితో అల్లిన తాళంచెవి గొలుసులు అమ్ముతారు. పెద్ద తివాచీలు గోడల మీద, బండల మీద పరిచి ఉంటాయి.

సంస్థల జాబితాల్లో అంతగా కనిపించని చేతిపని ఒకటి మాత్రం ఊరూరా వర్ధిల్లుతోంది. సిమెంటు ఇళ్లకు చెక్క తలుపుల బదులు ఇనుప గేట్లు వచ్చాయి. వెల్డింగ్ దుకాణాల్లో రేకు మీద కమ్మీలు అతికి కాఫీ కూజా, ఖంజర్, ఖర్జూర చెట్టు, పూలు, నక్షత్రాలు చేస్తారు. వాటికి నీలం, పచ్చ, ఎరుపు, బంగారు రంగులు దట్టంగా పూస్తారు. లేత గోధుమ గోడల వీధిలో ప్రతి ఇంటి గేటూ ఒక్కో రంగులో ఉంటుంది. ఇది పారిశ్రామిక రంగేనని, నగిషీ నాటుదని తీసిపారేసేవారున్నారు. రేకూ రంగుడబ్బా టేకులాగే ఓడ మీద వచ్చినవి. వాటి మీద ఏ బొమ్మ ఉండాలో, ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో ఇప్పటికీ ఇంటివాళ్లే దుకాణంలో నిలబడి తేలుస్తున్నారు.