గరుసు బాట

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో తారు పూయని బాటను గరుసు రోడ్డు అంటారు. గరుసు అనగా రాతిపలుకులు, ఎర్రమట్టి కలిసిన గట్టి నేల. స్వర్ణముఖి లోయ వెంట, పలమనేరు, మదనపల్లె వైపు గుట్టల నడుమ ఇట్టి బాటలు ఊరికీ పొలానికీ, చెరువుకూ కొండకూ మధ్య అల్లుకొని ఉన్నవి. వీటిమీద బస్సులు, లారీలు అరుదు. బడికి పోయే పిల్ల సైకిలుమీద నిశ్చింతగా పోగలిగినది ఇక్కడనే. కొన్ని దేశాలలో ఇటువంటి బాటలను వెదకి పట్టుకొని, వీటికొరకే వెడల్పు టైర్ల సైకిళ్లు తయారుచేసి, కొండలలో, నదీలోయలలో విహారయాత్రలు సాగిస్తున్నారు. అక్కడ వేడుక అయినది ఇక్కడ నిత్యకృత్యం. ఈ బాటల చరిత్రలో భూగర్భశాస్త్రం కొంత ఉన్నది, యంత్రశాస్త్రం కొంత ఉన్నది. అన్నిటికంటె ఎక్కువగా ఉన్నది కరువు.

ముందుగా రాయి సంగతి. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైటు అనే కఠినశిల. దాని కింద అంతకంటె ఎంతో పాతదైన గ్రానైటు ఉన్నది. ఈ రెండూ కలిసే గీత ఘాటురోడ్డు పక్కననే కంటికి కనబడుతుంది. పడమరగా మదనపల్లె వైపు పోయినకొద్దీ గ్రానైటు గుండ్లదే రాజ్యం. గ్రానైటులో ముఖ్యంగా క్వార్ట్జు, ఫెల్‌స్పారు అనే ఖనిజాలు ఉంటవి. ఎండకు, వానకు వేల ఏళ్లు నానిన ఫెల్‌స్పారు మెత్తబడి బంకమన్ను అవుతుంది. క్వార్ట్జు మాత్రం మారదు. పలుకులుగా విడిపోయి మిగులుతుంది. పలుకులు బరువు మోస్తవి, బంకమన్ను వాటిని పట్టి ఉంచుతుంది. అంటే రోడ్డుకు కావలసిన రెండు సరుకులనూ ప్రకృతి తానే కలిపి గుట్ట పక్కన పోసి పెట్టినదన్నమాట. తవ్వి, పరచి, నీళ్లు చల్లి, దిమ్మిస చేస్తే చాలు.

ఇక ఏటవాలు సంగతి. చిత్తూరు పట్టణం సముద్రమట్టానికి 300 మీటర్లకు కొంచెం పైన ఉన్నది. పలమనేరు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ రెంటికీ నడుమ మొగిలి కనుమ. టన్ను బరువున్న ఎద్దులబండి ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే దారి ఎక్కాలంటే, చక్రాల ఒరిపిడికి కావలసిన లాగుడు కాక, అదనంగా 50 కిలోల బరువుకు సమానమైన బలంతో ఎద్దులు లాగవలె. దారి అంతకు రెండింతలు నిటారుగా ఉంటే ఆ అదనం కూడా 100 కిలోలు. అందువల్లనే బండిబాట కొండను నేరుగా ఎక్కదు, చుట్టుకొని పోతుంది. కాలినడకకు ఈ నియమం లేదు. అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు కొండమీదికి దాదాపు నేరుగా పోతవి. తిరుమలకు చక్రాల దారి కావలసి వచ్చినపుడు దాదాపు 700 మీటర్ల ఎత్తును 20 కిలోమీటర్లకు లోపు దూరంలో మెలికలు తిప్పి సర్దవలసి వచ్చినది. ఆ మొదటి ఘాటురోడ్డు 1944లో తెరువబడినది. రెండవది 1974లో వచ్చినది.

సైకిలు ఎక్కేవానికి గరుసు కష్టమా, గట్టు కష్టమా? లెక్క వేసి చూడవచ్చును. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు అనుకొందాం. మంచి తారురోడ్డు మీద, చదునున, టైరు ఒరిపిడిని జయించడానికి సుమారు 400 గ్రాముల బరువంత బలం చాలును. గరుసు మీద అది ఒక కిలోకు కొంచెం అటూ ఇటూ. కాని పాతిక అడుగులకు ఒక అడుగు లేచే దారిలో, పైన తారే ఉండనీ గరుసే ఉండనీ, అదనంగా 3 కిలోల 200 గ్రాములు కావలె. కొండప్రాంతంలో సైకిలుకు శత్రువు గరుసు కాదు, ఏటవాలు. నదీలోయ వెంట పోయే గరుసుబాట కొండ ఎక్కే తారురోడ్డుకంటె ఎంతో సుఖం.

రాళ్లను పగులగొట్టి రోడ్డు వేయడానికి ఒక పద్ధతి ఏర్పరచినవాడు స్కాట్లండు దేశస్థుడు జాన్ లౌడన్ మెకాడం (1756–1836). పెద్ద బండలు పరచనక్కరలేదు, చిన్న చిన్న కోసురాళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకొని బరువు మోస్తవి, నీరు నిలువకుండా నడుమ కొంచెం ఉబ్బుగా ఉంటే చాలునని అతడు చూపినాడు. అయితే ఆ చిన్న రాళ్లు వాటంతట అవి రావు. ఎవరో ఒకరు కూర్చుండి సుత్తితో కొట్టవలె.

ఆ కొట్టిన చేతులు ఎవరివో 1876–78 నాటి కరువు చెబుతుంది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడినది. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. ఈ రెండు జిల్లాలూ కరువు వాత పడినవి. వానలు తప్పినవి, ధరలు మండినవి, పశువులు చచ్చినవి. మద్రాసు రాజధానిలో ప్రభుత్వం సహాయపు పనులు తెరచినది: చెరువుల పూడిక, కాలువల తవ్వకం, రోడ్లు వేయడం, కంకర కొట్టడం. ఆడవారు, పిల్లలు సైతం ఈ పనులకు వచ్చినారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికై మగవాని రోజు కూలిని ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యానికి, దానిపై ఒక అణాకు కుదించినాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని తీవ్రంగా ఖండించినాడు. రోజంతా శ్రమించే దేహానికి ఈ తిండి చాలదని ఆయన వాదం. శరీరం ఖర్చుచేసే శక్తికీ, తినే తిండికీ గల లెక్క ఒక రాజకీయ వివాదంగా మారిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఆ ఏడే కూలి కొంత పెంచవలసి వచ్చినది. అప్పటికే లక్షలమంది పోయినారు.

1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషను రైలుమార్గాలను విస్తరింపవలెనని గట్టిగా చెప్పినది. ఆ శతాబ్దపు చివరి దశాబ్దంలో పాకాల మీదుగా ధర్మవరానికి మీటరుగేజి మార్గం నడిచినది. రైలు బండికంటె సుకుమారమైనది. ఇనుముమీద ఇనుప చక్రం జారుతుంది గనుక నూరు అడుగులకు ఒక అడుగు లేచినా దానికి అది గట్టు ఎక్కినట్లే. అందుచేత పట్టాల దారి లోయలను, కొండల నడుమ సందులను వెదుక్కొంటూ పోతుంది. ఈ గుణమే తరువాత సైకిలుకు కలిసి వచ్చినది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మూతపడిన ఒక రైలుమార్గపు పట్టాలు తీసి, రాతిపొడి పరచి, 1960ల దశాబ్దంలోనే ఎల్రాయ్ నుండి స్పార్టా వరకు సైకిలుబాట చేసినారు. కొండల కింద మూడు సొరంగాలలో నుండి ఆ బాట పోతుంది. పాకాల మార్గానికి ఆ గతి పట్టలేదు. బ్రాడ్‌గేజిగా మారి రైళ్లనే మోస్తున్నది. అది మంచిదే.

సైకిలు పుట్టుకలో కూడా కరువు ఉన్నదని కొందరు చరిత్రకారులు ఊహిస్తున్నారు. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఆకాశాన్ని కప్పగా, 1816లో ఐరోపాలో వేసవి రాలేదు. పంటలు పోయి, గుర్రాలకు మేత కరువైనది. మరుసటి ఏడు జర్మనీలో కార్ల్ డ్రైస్ కాళ్లతో నేలను తన్నుతూ నడిపే రెండు చక్రాల బండిని చూపినాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చిన తరువాతగాని రాళ్లబాటలో సైకిలు సుఖం కాలేదు. మంచి రోడ్లకొరకు ఇంగ్లండులో, అమెరికాలో ముందుగా గొంతెత్తినవారిలో సైకిలువారు ఉన్నారు. ఆ రోడ్లు మోటారుకారుకు దక్కినవి! వేగంగా పోయే కారు టైరు రాళ్ల నడుమ ఉండే సన్నని మట్టిని పీల్చి దుమ్ముగా లేపివేసినది. దుమ్ము అణచడానికి తారు వచ్చినది. తారు వచ్చినాక వాహనాలు పెరిగినవి. సైకిలు అంచుకు నెట్టబడినది. మద్రాసు సమీపాన అంబత్తూరులో 1949లో సైకిళ్ల కర్మాగారం స్థాపింపబడినపుడు మన పల్లెలలో వాటికి దొరికిన దారి చాలవరకు గరుసే.

కొత్త గరుసుబాటలలో చాలా వాటికి మూలం 2006 ఫిబ్రవరి 2. ఆనాడు రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లెలో, గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. పథకం కింద చెరువుల పూడిక తీసినారు, పొలాలకు బాటలు వేసినారు. పనివారిలో ఆడవారు ఎక్కువ. 1877 పనికీ దీనికీ పోలిక పైపైనే. అప్పుడది ప్రభుత్వపు దయ. 2005 చట్టం దీనిని హక్కుగా చేసినది.

అన్ని బాటలూ సైకిలుకు తెరచి లేవు. శేషాచలం అడవి 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైనది. అక్కడికి అటవీశాఖ అనుమతి కావలె. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవులలో ఏనుగులు తిరుగుతవి.

మిగిలిన బాటలకు ప్రమాదం నీటివల్లనే. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలు ఇక్కడ కుండపోతగా కురుస్తవి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడినది. రాతిమెట్లకే ఆ గతి పడితే గరుసు మాట చెప్పనక్కరలేదు. వాన వెలిసిన మరునాడు చూస్తే బంకమన్ను కరిగిపోయి, పలుకులు మాత్రం తేలి, ట్రాక్టరు గాడి కాలువగా మారి ఉంటుంది. నడుమ ఉబ్బు, పక్కన కాలువ ఉన్న బాట మాత్రం నిలిచి ఉంటుంది. లేనిచోట పక్క గుట్టనుండి నాలుగు తట్టల గరుసు తెచ్చి గాడిలో పోసి, తడి ఆరకముందే దిమ్మిసతో కొట్టవలె.